వంశావళిలో లేని ఆడపడుచుల కోసం

ఇరవై ఆరేళ్ళపాటు, బేక్ వారింట్లో ఏ పెద్దల పూజ జరిగినా, పెద్దకోడలు బోక్‌సిమ్ కారం దట్టించి ఊరబెట్టిన క్యాబేజీ కిమ్చీ పళ్ళెం బల్ల చివరికి జరిగేది. ఎవరూ పైకి ఒక్క మాట అనేవారు కాదు. పూజ అయ్యాక భోజనాలకు కూర్చుంటారు, గిన్నెలు చేతులు మారుతుంటాయి, ఆ సందడిలో ఎవరిదో ఒక చెయ్యి ఆ పళ్ళేన్ని నెమ్మదిగా పక్కకు నెడుతుంది. పక్కవాళ్ళు ఇంకొంచెం నెడతారు. అది చివరికి చేరేసరికి అక్కడ కూర్చునేది పిల్లలు, వాళ్ళెలాగూ కారం తినరు. అందరూ లేచాక ఆ కిమ్చీని ఆమే తిరిగి జాడీలోకి ఎత్తుకునేది.

కారణం ఊరందరికీ తెలుసు. బోక్‌సిమ్ వాండో దీవి పిల్ల. మెట్టినూరు ఓక్‌దాల్ కొండల మధ్య ఊరు, అక్కడ కోడళ్ళను పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు, కాబట్టి పెళ్ళయిన నాటినుంచీ ఆమె పేరు వాండో. వస్తూ వస్తూ పుట్టింటినుంచి ఊరబెట్టిన నెత్తళ్ళ జాడీ తెచ్చుకుంది. కిమ్చీలో ఆ ఊట వేసేది. మొగుడు యోంగ్‌చాన్ లొట్టలు వేసుకుంటూ తినేవాడు. నలభై నాలుగేళ్ళకు అతను పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు.

శవం ఇంట్లో ఉండగానే అత్తగారు వాకిట్లో కూలబడి అందరూ వినేలా అంది. "ఉప్పు సముద్రంలోంచి దిగొచ్చావు కదే! నీ చేతి ఉప్పే నా బిడ్డ పేగుల్ని కొరుక్కుతినేసింది."

నాలుగేళ్ళకు మరిది యోంగ్‌సు కూడా అదే జబ్బుతో పోయాడు, నలభై ఒకటికే. అతను ఉండేది గ్వాంగ్జూ నగరంలో. అయినా నింద దారి తప్పలేదు. ఏటా చలికాలం ముందు అతనికి కిమ్చీ పంపింది ఎవరు? వాండోనే కదా! యోంగ్‌చాన్ పోవటానికి పదిహేనేళ్ళ ముందే మామగారు ఇలాగే పోయారని, అప్పటికి ఆమె కాపురానికొచ్చి రెండేళ్ళేనని ఎవరూ లెక్క చూడలేదు. చూడాల్సిన అవసరం ఎవరికుంది? కోడలు చేతికి అందుతూనే ఉంది.

బోక్‌సిమ్ ఎదురు చెప్పలేదు. పుట్టింటికి కబురు చెయ్యలేదు. నెత్తళ్ళ జాడీని ఊటతో సహా పొలంగట్టున పాతేసింది. ఆనాటినుంచి కొడుకు తేహోకి చప్పిడి కూడే పెట్టింది. అసలు అన్యాయం ఇక్కడుంది, గమనించండి. అందరూ అంటే పడటం ఒకటి. అంటున్నది నిజమేనేమో అని తనలో తాను నమ్మటం ఇంకొకటి. ఆమె సగం నమ్మింది.

అందుకే ముప్పై ఎనిమిదేళ్ళ తేహోకి మలంలో రక్తం పడి, గ్వాంగ్జూ ఆసుపత్రిలో గడ్డ ఉందని తేలినప్పుడు, ఆమె నోట మొదట వచ్చిన మాట: "ఉప్పే పెట్టలేదురా నీకు, ఒక్క రవ్వ కూడా!"

* * *

గడ్డ తొలి దశలోనే దొరికింది. కోసి తీసేశారు. తేహో లేచి వరండాలో నడుస్తున్న రోజుల్లో, నామ్ అనే చిన్న వయసు డాక్టరమ్మ తల్లీకొడుకులిద్దరినీ తన గదికి పిలిచింది. తెల్ల కాగితం ముందు పెట్టుకుంది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా గీస్తానంది.

"అమ్మగారూ, తేహోగారి నాన్నగారి వైపు ఎవరెవరు, ఏ వయసులో, దేనితో పోయారో చెప్తారా?"

"మామగారు యాభై రెండుకి, కడుపులో గడ్డ. మా ఆయన నలభై నాలుగు. మరిది నలభై ఒకటి." తన నేరాల చిట్టా తనే చదువుతున్నట్టు చెప్పింది.

"నాన్నగారికి అక్కచెల్లెళ్ళు?"

"ఒక వదినగారు. గమ్‌సన్. ఆవిడా పోయింది, నలభై తొమ్మిదికి."

"దేనితో?"

"అది... ఆడవాళ్ళ జబ్బు."

"ఆడవాళ్ళ జబ్బులు చాలా ఉంటాయి కదండీ. ఏది?"

బోక్‌సిమ్ కొడుకు వైపు చూసింది. అతను కిటికీ వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆ మాట మగపిల్లల ముందు ఎన్నడూ పలకలేదు. "గర్భసంచిలో గడ్డ" అంది చివరికి, చెవిలో చెప్పినంత నెమ్మదిగా.

డాక్టరమ్మ కలం ఆగింది. ఆ సున్నాని, ఆ మూడు చదరాలని నల్లగా నింపింది. నలుగురినీ గీతలు కలుపుతున్నాయి. వాటి పక్కన యోంగ్‌చాన్‌కి పెళ్ళి గీతతో అతికించిన ఒక తెల్ల సున్నా మిగిలింది. అది బోక్‌సిమ్.

నెల తర్వాత రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఒక జన్యువులో లోపం. తరాలుగా ఆ రక్తంలో దిగుతూ వస్తోంది. ఉన్నవాళ్ళ పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం, కొడుకైనా కూతురైనా. మగవాళ్ళకు పెద్దపేగులో, ఆడవాళ్ళకు పేగులోనూ గర్భసంచిలోనూ క్యాన్సర్ వచ్చే ముప్పు చాలా ఎక్కువ. తెలిసుంటే మాత్రం ఏడాదికో రెండేళ్ళకో గొట్టం వేసి చూసి, మొగ్గ దశలోనే తుంచెయ్యొచ్చు.

బోక్‌సిమ్ అన్నీ విని ఒకే ఒక్కటి అడిగింది.

"ఉప్పు కాదా?"

"ఏ ఉప్పండీ?"

"నెత్తళ్ళ ఊట. కిమ్చీలో."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. తేహో చెప్పాడు, తలవంచుకుని, రెండు మాటల్లో. ఆమె కలం కింద పెట్టేసింది.

"కాదు అమ్మగారూ. ఇది మీరు ఆ ఇంట్లో అడుగు పెట్టకముందే ఉంది. మీ అత్తగారు పుట్టకముందు కూడా ఉండుండొచ్చు."

"రాసిస్తారా?"

"ఏమని?"

"వాండో చేతి వంట వల్ల కాదని. సంతకం పెట్టి."

డాక్టరమ్మ నిజంగానే రాసింది. ఆసుపత్రి కాగితం మీద, కింద ముద్ర వేసి. ఇస్తూ అంది, "ఉప్పు ఎక్కువ తింటే మంచిదని మాత్రం రాయలేదు, అడక్కండి." బోక్‌సిమ్ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఆ డాక్టరమ్మ లేచొచ్చి పక్కన కూర్చుంది, వెనక రోగులు వరసకట్టి ఉన్నా సరే. బోక్‌సిమ్ ఇవాళ్టికీ పొద్దున లేవగానే ఆవిడ పేరు తలుచుకుంటుంది.

వెళ్ళేముందు ఇంకో కవరిచ్చింది డాక్టరమ్మ. "ఇది మీ బంధువులకి. మీవాళ్ళకి మేము ఫోన్ చేసి చెప్పడానికి లేదు. మా చేతులు అంతవరకే. చెప్పాల్సింది మీరే."

* * *

తేహో ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుపడ్డవాడు, ఏదో భయంలో ఉన్నాడనుకున్నారు. ఆ వంశంలో ఏ మాటకైనా విలువ రావాలంటే అది ఒక్క నోటినుంచి రావాలి. మామగారి తమ్ముడు, ఎనభై నాలుగేళ్ళ బేక్ హ్యోంగ్‌జిక్, వంశ సభకు పెద్ద.

బోక్‌సిమ్ వెళ్ళేసరికి ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాడు. మొత్తం విన్నాడు. ఒక్క కాయను మాత్రం అదేపనిగా అటూ ఇటూ తిప్పాడు.

"ఇంకో రెండు నెలల్లో మనవరాలి పెళ్ళి. నీకు తెలుసుగా, వాండో అమ్మాయ్?"

"తెలుసు మామయ్యగారూ."

"రక్తంలోనే తేడా ఉందని తెలిస్తే అటువైపువాళ్ళు ఏమంటారు? పెళ్ళయ్యాక చూద్దాం. ఇన్నేళ్ళు ఆగింది, రెండు నెలలు ఆగదా?"

"ఇన్నేళ్ళు ఆగింది కాబట్టే నలుగురు పోయారు."

నలభై మూడేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పటం అదే మొదటిసారి. మిరపకాయ తిరగటం ఆగిపోయింది. చావడిలోంచి ఆయన భార్య తొంగిచూసింది.

"మీరొక్కరు రక్తం ఇస్తే చాలంట" అంది బోక్‌సిమ్, గొంతు తగ్గించి. "మీలో అది లేకపోతే మీ పిల్లల్లో, మనవల్లో, ఎవరిలోనూ ఉండే దారే లేదంట. పద్నాలుగు మంది ఒక్క దెబ్బతో బయటపడతారు. పెళ్ళికూతురుతో సహా."

"ఉంటేనో?"

"ఉంటే పెళ్ళికూతురికి ఇరవై తొమ్మిదేళ్ళకే తెలుస్తుంది. మా వదినగారికి తెలియనిది."

పెద్దాయన మళ్ళీ మిరపకాయలు తిరగేయసాగాడు. చావడిలోంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "వాండో, ఈయన్ని అడిగి లాభం లేదులే! సూదంటే పారిపోతాడు. సైన్యంలో టీకాల రోజున మరుగుదొడ్లో దాక్కున్న మనిషి."

"నువ్వు నోరు ముయ్యి!"

"నేను మూస్తే మీరు తెరుస్తారా? ఎల్లుండి పొద్దున బస్సుకి మేము వస్తున్నామమ్మా, నువ్వు బస్టాపు దగ్గరుండు."

వచ్చారు. సూది గుచ్చుతుంటే పెద్దాయన కళ్ళు మూసుకుని ముత్తాతల పేర్లు వరసగా గొణుక్కున్నాడు.

ఆయనలో అది లేదు.

ఫలితం తెలిసిన రోజు మధ్యాహ్నం ఆయన కర్ర పోటేసుకుంటూ బోక్‌సిమ్ ఇంటికి ఒక్కడే నడిచొచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఇచ్చిన బార్లీ నీళ్ళు తాగాడు.

"యోంగ్‌చాన్ పోయిన ఏడాది పూజలో" అన్నాడు, "పళ్ళెం మొదట నెట్టింది నేనే."

బోక్‌సిమ్ ఖాళీ గ్లాసు అందుకుంది. ఆమెకు తెలుసు.

"మా అన్న పోయినప్పుడు నువ్వింకా కొత్తకోడలివి. నాకు తెలుసు. తెలిసీ నెట్టాను. అన్నం పెట్టే చేతిమీద తోసెయ్యటం సులువమ్మా. మన రక్తాన్ని మనం అనుమానించుకోవటం కష్టం."

అంతకుమించి ఆ తరం మగవాడి నోటినుంచి క్షమాపణ రాదు. అక్కర్లేదు కూడా అనిపించింది ఆమెకు. అది తన చెవులతో వినటానికి బతికి ఉన్నందుకే ఆమె లోలోపల దండం పెట్టుకుంది. ఆయన కండువాలో కట్టిన మూట విప్పాడు. లోపల నీలం అట్టలతో లావుపాటి పుస్తకం, వంశావళి.

"ఇప్పుడు చెప్పు. ఎవరికి రాయాలి?"

* * *

రెండు రోజులు కూర్చుని రాశాడాయన. పెద్దపెద్ద అక్షరాలతో, కుంచెతో. డాక్టరమ్మ ఉత్తరానికి తోడుగా ప్రతి కవరులోనూ తన చేతిరాత పెట్టాడు: 'ఇది మన పూర్వీకుల రక్తంలోంచి వచ్చింది. సిగ్గుపడవలసింది లేదు. పరీక్ష చేయించుకోకపోతే మాత్రం నాకు కోపం వస్తుంది.' యోంగ్‌సు కొడుకులిద్దరికీ, తన రెండో అన్న కొడుకులకీ, వాళ్ళ పిల్లలకీ కలిపి తొమ్మిది ఇళ్ళు. తొమ్మిది కవర్లు కట్ట కట్టి, "అయిపోయింది. అందరికీ చెప్పేశాం" అన్నాడు తృప్తిగా.

బోక్‌సిమ్ కట్టను చూసింది. "అన్నీ మగపిల్లల ఇళ్ళే కదా మామయ్యగారూ. ఆడపడుచులో?"

"పుస్తకంలో ఉన్నవాళ్ళందరికీ రాశానే!"

ఆయన పేజీ తిప్పి చూపించాడు. మామగారి కింద కొడుకులిద్దరి పేర్లు, పుట్టిన ఏడు, సమాధి ఎక్కడుందో, అన్నీ ఉన్నాయి. గమ్‌సన్ ఉండాల్సిన చోట 'అల్లుడు, చా వారు' అని ఉంది. అంతే. ఆమె పేరు లేదు. ఆమె కన్న కూతుళ్ళ ఊసే లేదు. ఇంకో పేజీ వెనక్కి తిప్పితే, పెద్దాయన సొంత అక్కలిద్దరూ అలాగే, ఇద్దరు అల్లుళ్ళ ఇంటిపేర్లుగా మిగిలిపోయారు.

"మీ పెద్దక్కగారి పేరేంటి?" అడిగింది బోక్‌సిమ్.

"పెద్దక్క... పెద్దక్కే." ఆయన నుదురు ముడిపడింది. "ఇంట్లో 'బుడ్డీ' అని పిలిచేవాళ్ళం. అసలు పేరు..." వేలు పుస్తకం మీద వెతికింది. ఆ పుస్తకంలో ఆరువందల ఏళ్ళ మగవాళ్ళున్నారు. తనను వీపున మోసి పెంచిన అక్క పేరు లేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషి ముఖం ఎర్రబడింది.

"ఇమ్‌దాన్" అంది బోక్‌సిమ్.

"నీకెలా తెలుసు?"

ఎలా తెలుసంటే, నాచు వల్ల. ఆడపిల్ల కాన్పయితే పుట్టింటినుంచి సముద్రపు నాచు వెళ్ళాలి, బాలింతకు పులుసు కాచి పెట్టడానికి. దాన్ని మడవకూడదు, విరగకూడదు, కొనేటప్పుడు బేరమాడకూడదు. మనిషి చేయి చాపినంత పొడవు కట్టను అలాగే నిలువునా చుట్టి పంపాలి. బేక్ వారి ఇంటికి పెద్దకోడలు వాండోనుంచే వచ్చింది కాబట్టి, ఆమె అన్న పడవల వాడు కాబట్టి, నలభై మూడేళ్ళుగా ఆ పని ఆమెదే. చేతి ఉప్పును అనుమానించిన అత్తగారు కూడా నాచు కట్ట దగ్గర మాత్రం ఏనాడూ మాట అనలేదు. ఏ ఆడపడుచు కూతురు, ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఆడపిల్లను కన్నదో మగపిల్లాణ్ణి కన్నదో, కట్ట మీద ఏ తల్లీకూతుళ్ళ పేర్లు రాయాలో, ఎవరికి కాన్పు కష్టమైందో, ఎవరికి రెండోది నిలవలేదో, అన్నీ బోక్‌సిమ్‌కి తెలుసు.

ఆమె వేళ్ళు మడిచింది. ఇమ్‌దాన్ కూతుళ్ళు ఇద్దరు. చిన్న మేనత్తకు, అంటే పెద్దాయన రెండో అక్కకు, కూతుళ్ళు ముగ్గురు. గమ్‌సన్ కూతుళ్ళు ఇద్దరు, యున్‌జు, హేరన్. "మొత్తం ఏడుగురు."

పెద్దాయన కుంచెను సిరాలో ముంచాడు. "నెమ్మదిగా చెప్పు. పేర్లతో రాస్తాను."

* * *

అందరికంటే ముందు చేరాల్సింది గమ్‌సన్ కూతుళ్ళకు. తల్లిలో ఆ లోపం ఉండే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. పెద్దది యున్‌జుకి నలభై మూడు. తల్లి మంచాన పడింది నలభై ఏడుకి. బోక్‌సిమ్‌కి నిద్రలోనూ ఆ రెండు అంకెలే.

కానీ యున్‌జు ఫోన్ నంబరు మారింది. తల్లి పోయాక తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, రాకపోకలు తెగాయి. పదేళ్ళ కిందట కొడుకు పుట్టినప్పుడు నాచు పంపిన మొక్పో చిరునామా ఒక్కటే మిగిలింది. బోక్‌సిమ్ తేహోని వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆ ఫ్లాటులో వేరెవరో ఉన్నారు. గేటు దగ్గర కాపలా ముసలాయనకు మాత్రం గుర్తుంది. "కళ్ళజోళ్ళ షాపు వాళ్ళా? ఈ అద్దాలు అతను బిగించినవే. మార్కెట్ వెనక సందులో ఉంటాడు."

షాపులో యున్‌జు భర్త వాళ్ళను కూర్చోబెట్టి భార్యకు ఫోన్ చేశాడు. బడి వంటశాలలో పని ముగించుకుని యున్‌జు అటునుంచి అటే వచ్చింది, జుట్టుకి వల, చేతులకు ఉల్లి వాసన. గుమ్మంలోనే ఆగిపోయింది.

"బేక్ వారింటినుంచా?"

"అవును తల్లీ. నేను వాండో అత్తని."

"అమ్మ పోయినప్పుడు పుట్టింటినుంచి ఒక్కరూ రాలేదు."

"నేనొచ్చానుగా."

"మీరొచ్చారు. మీరు మా అమ్మ పుట్టింటివాళ్ళు కాదుగా అత్తయ్యా. మీరూ ఎవరింటి ఆడపిల్లో."

బోక్‌సిమ్ దానికి నవ్వింది. "నిజమే. ఆ ఇంట్లో నీకూ నాకూ పుస్తకంలో చోటు లేదు. అందుకే నేనొచ్చాను."

తర్వాత చెప్పింది. తేహో కాగితం విప్పి చదరాలూ సున్నాలూ చూపించాడు. యున్‌జు భర్త షాపు తలుపుకి 'మూసి ఉంది' పలక తిప్పాడు. గర్భసంచి అనే మాటను బోక్‌సిమ్ ఈసారి గట్టిగానే పలికింది. నీకు రావచ్చు, రాకపోవచ్చు, సగానికి సగం, చూపించుకుంటే చాలు అంది. ఉప్పు సంగతి కూడా చెప్పింది.

యున్‌జు తన గురించి ఒక్కటీ అడగలేదు. కాగితం మీద తల్లి సున్నాని వేలితో తడిమింది.

"అత్తయ్యా, నాన్న ఏమనేవాడో తెలుసా? హేరన్ కాన్పప్పుడే అమ్మ కడుపు చెడిందని. అది పుట్టటమే అమ్మని చంపిందని. తాగినప్పుడల్లా దాని ముఖం మీదే అనేవాడు. అది నిజమనుకుంది. ఇప్పటికీ అనుకుంటోంది. పుట్టినరోజు చేసుకోదు. పిల్లల్ని కనలేదు."

బోక్‌సిమ్ లేచి వెళ్ళి ఆమెను పట్టుకుంది. ఉప్పు నింద తను మోసింది ఇరవై ఆరేళ్ళు. ఆ పిల్లకు తన పుట్టుకే నింద.

"ఫోన్ చెయ్యి దానికి" అంది. "ముందు అది చెప్పు. పరీక్ష మాట తర్వాత."

* * *

యున్‌జులో ఆ లోపం ఉంది. పేగులో రెండు మొగ్గలు దొరికాయి. తుంచేశారు. ఇంకా అవి క్యాన్సర్ కాలేదు. గర్భసంచి విషయం డాక్టర్లతో మాట్లాడి నిర్ణయించుకుంటోంది. కళ్ళజోళ్ళ షాపు మొగుడు ప్రతిసారీ పక్కనే కూర్చుంటున్నాడు. పరీక్ష అయిన రోజు ఆమె ఆసుపత్రి మెట్ల మీంచి ఫోన్ చేసింది. "అత్తయ్యా, ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగుంటే అమ్మ దారే నాదీ అంట. డాక్టర్ చెప్పాడు. మిమ్మల్ని పంపినవాళ్ళెవరో వాళ్ళకి దణ్ణం పెట్టుకోమన్నాడు."

"నన్నెవరూ పంపలేదే" అంది బోక్‌సిమ్. "బస్సెక్కానంతే."

హేరన్‌లో లేదు. ఆమె ఫోన్ చెయ్యలేదు. ఓక్‌దాల్‌కి వచ్చింది, నలభయ్యేళ్ళ మనిషి, చేతిలో పుట్టినరోజు కేకు డబ్బాతో. ఆ రోజు ఆమె పుట్టినరోజు కాదు, అది ఎప్పుడో అయిపోయింది. "ఇన్నేళ్ళవీ కలిపి" అంది. బోక్‌సిమ్ నాచు పులుసు కాచింది, పుట్టినరోజున తాగేది అదే కదా. పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు, కేకు మీగడ మీసాలకంటుకుంటే ముసలమ్మ తిట్టింది.

మిగతా ఐదుగురి సంగతి అంత సులువుగా జరగలేదు. ఒకామె విని ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది, పరీక్షకు వెళ్ళిందో లేదో తెలియదు. ఒకామె కూతురి పెళ్ళి అయ్యేదాకా ఈ మాట ఎత్తొద్దని బతిమాలింది. ఇమ్‌దాన్ చిన్నకూతురు ఫోన్‌లో మోసగత్తె అనుకుంది. "బామ్మా, ఈ వయసులో ఈ పాపపు పనులేంటి? ఇప్పుడు నా ఖాతా నంబరు అడుగుతావు, అంతేగా?" అని కడిగేసింది. "ఖాతా వద్దు తల్లీ, నీ రక్తం కావాలి" అంది బోక్‌సిమ్. అటువైపు కెవ్వున అరిచి పెట్టేసింది. మూడోరోజు పెద్దాయన కుంచె రాత చేరాక, తనే ఫోన్ చేసి పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత చాలాసేపు ఏడ్చింది. వాళ్ళమ్మ ఇమ్‌దాన్ పోయింది కూడా ఆ జబ్బుతోనే. ఇంకొకామె పరీక్షకు రోజు ఖాయం చేసుకుంది. చిన్న మేనత్త ఆఖరి కూతురు ఇంకా దొరకలేదు. చివరిసారి నాచు వెళ్ళింది ఇంచోన్‌కి. అక్కడ ఆ వీధే లేదు, కూలగొట్టి కొత్త భవనాలు కట్టారు. బోక్‌సిమ్ వెతుకుతూనే ఉంది.

ఆమెను ఎవరైనా మెచ్చుకుంటే చేతులు ఊపేస్తుంది. తన కొడుకు బతికాడు. యున్‌జు బతుకుతుంది. ఇంకేం కావాలి అంటుంది. ఆ ఒక్క మాట రాసిచ్చిన డాక్టరమ్మకి, పంతం విడిచిన మామయ్యకి, సూదికి ఈడ్చుకొచ్చిన ముసలమ్మకి, అద్దాలు గుర్తుపెట్టుకున్న కాపలా ముసలాయనకి, అందరికీ తనే రుణపడి ఉన్నానంటుంది.

ఆవిడ అడగదు కాబట్టి, ఆవిడ తరఫున మిమ్మల్ని నేను అడుగుతాను.

మీ ఇంట్లో ఎవరెవరు యాభై దాటకుండా పోయారో, దేనితో పోయారో తెలిసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఈ వారమే వాళ్ళ పక్కన కూర్చుని అడగండి. ఆడవాళ్ళ జబ్బు అంటే సరేనని తలూపి లేచి రాకండి. ఏ జబ్బో పేరు పెట్టి చెప్పించండి. ఒకే రకం చావు రెండుసార్లు కనబడితే డాక్టర్ దగ్గరకు ఆ చిట్టా పట్టుకెళ్ళండి. ఏదైనా తేలితే, ఇంటిపేరు మారిపోయిన మేనత్తలకీ, వాళ్ళ కూతుళ్ళకీ, తెగిపోయిన బంధువులకీ చెప్పండి. పెళ్ళయ్యాక చెబుదామని ఆగకండి, మీ పరువుకంటే వాళ్ళ పేగులు ముఖ్యం. ఒకసారి ఫోన్ పెట్టేస్తే రెండోసారి చెయ్యండి. ఆసుపత్రులు నడిపేవాళ్ళారా, కాగితం చేతిలో పెట్టి చెప్పుకోండి అనటంతో మీ పని అయిపోలేదు. ఆ కబురు ఎందరికి చేరిందో కనుక్కోవటానికి ఒక మనిషిని పెట్టండి. వంశావళి రాసే పెద్దలారా, కూతుళ్ళను పేర్లతో రాయండి.

ఇక మీ ఇంట్లో ఒక చావుకి ఎవరో కోడలు, ఎవరో బిడ్డ నింద మోస్తూ ఉంటే, అది తప్పని తెలిసినరోజే వెళ్ళి ఆమెతో చెప్పండి. ఆమె బతికుండగానే.